ఫిరంగి దళం హవల్దార్ చెవులు

కొవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను మాజీ సైనికుల ప్రభుత్వ క్లినిక్ ఒకదానిలో ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగినిగా, వేశారు. పద్ధతి ప్రకారం ఒక రోజు పరీక్ష, ఇంకో రోజు చెవి డాక్టరు సిఫారసు, మంజూరయ్యాక మరో రోజు వినికిడి యంత్రం అమర్చడం. తిరువూరు వైపు వాళ్లకు ప్రతిసారీ సగం రోజు బస్సులోనే గడిచిపోయేది. దాంతో యంత్రం శబ్దం సర్దుబాటు చేయించుకోవడానికి మళ్లీ ఎవరూ వచ్చేవారు కాదు. యంత్రాలు బీరువాల్లో చేరేవి.

మా ఇన్‌చార్జి, రిటైర్డ్ కల్నల్, తిరువూరులోనే నెలకోసారి క్యాంపు పెట్టి చూద్దామన్నారు. రెండోసారికి జనం రాకపోతే ఎత్తేస్తామనీ చెప్పారు.

మొదటి క్యాంపుకు గంపలగూడెం నుంచి హవల్దార్ ఏసుపాదం గారు, ఆయన భార్య కరుణమ్మ గారు వచ్చారు. ఆయన ఫిరంగి దళంలో పనిచేశారు. వచ్చింది చెవుల కోసం కాదు, బైకు తాళం కోసం. వెనక లారీ హారను కొడుతున్నా వినబడక బైకు అడ్డంగా తిప్పారట. లారీ డ్రైవరు సమయానికి బ్రేకు వేయబట్టి బతికారు. ఆ రోజే ఆవిడ తాళం దాచేశారు.

"నాకు బాగానే వినబడుతుందని ఒక ముక్క రాసివ్వండి మేడమ్. తాళం ఇచ్చేస్తది," అన్నారాయన.

పరీక్ష చేశాను. సన్నని శబ్దాలు రెండు చెవులకూ దాదాపు అందడం లేదు. ఫిరంగుల దగ్గర పనిచేసినవాళ్లలో ఇది మామూలే. రాసివ్వలేనన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నారు. రికార్డు చూసి, మా క్లినిక్‌లో ఇంతకుముందు ఇచ్చిన యంత్రం ఎందుకు పెట్టుకోవడం లేదని అడిగాను.

"అది పెడితే బస్టాండంతా నెత్తికెక్కి కూర్చుంటదండి!"

లోపం మాదేనని అర్థమైంది. చప్పుడు చొరని గదిలో సరిచేసి పంపిన యంత్రం అది. కరుణమ్మ గారు సంచిలోంచి దాన్ని తీసిచ్చారు. లాప్‌టాప్, రెండు కుర్చీలు రోడ్డు పక్కకు తెచ్చుకుని, ఆటోల రొద తగ్గిస్తూ మాట పెంచుతూ మళ్లీ మొదటి నుంచి సరిచేశాను. ఆయన వెనకాల నిలబడి కరుణమ్మ గారు గొణుగుతున్నారు.

"మిలిటరీలో అందరి మాటా విన్నాడు, నా మాట తప్ప."

ఆయన వెనక్కి తిరగకుండానే, "ముందు నీ మాటే వినబడాలా?" అన్నారు.

ఆవిడ నవ్వబోయి కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. తాళం మాత్రం ఇవ్వలేదు. నెల రోజులు యంత్రం పెట్టుకుంటే చూద్దామన్నారు.

మరుసటి నెల హవల్దార్ గారు చెవులకు యంత్రం పెట్టుకుని, షేర్ ఆటో నిండా మాజీ సైనికులతో దిగారు. "వీళ్లూ నాలాగే బుకాయిస్తున్నారు మేడమ్, పట్టుకొచ్చా," అన్నారు. పక్క మండలం ఎ.కొండూరు వాళ్లనూ వదల్లేదు. క్యాంపు నిలబడింది.

యంత్రం మంజూరు చేస్తే మా పని సగమే అయినట్టని, మిగతా సగం ఆ మనిషి తిరిగే రోడ్డు మీదే చేయాలని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏ యంత్రాన్నీ గదిలో మాత్రమే సరిచేసి పంపలేదు.