మూడు భాగాల్లో ఏది ముందు?

ఈ ఉదయం ప్రార్థన ముగించుకుని డాబా మీద మిరపకాయలు ఆరబోస్తుంటే, తమ్ముడి పెద్దకూతురు నా వెనకే వచ్చింది. సెలవుల్లో చూడమని వాళ్ళ నాన్న గుంటూరు నుంచి తెచ్చిన గున్న ఏనుగు సినిమా సీడీలు, మూడు భాగాలూ, దాని చేతిలో ఉన్నాయి.

"అత్తా, ఒకటో భాగం దాచెయ్. అందులో ఆ గున్న వాళ్ళమ్మ చచ్చిపోద్ది."

ఈ పిల్లల తల్లి పోయి ఇంకా ఏడాది కాలేదు. చిన్నదానికి ఆరేళ్ళు.

"నువ్వెప్పుడు చూశావే?"

"సెలవులిచ్చే ముందు స్కూల్లో మూడూ వేశారు. మనం ముందు రెండు, మూడు పెడదాం. గున్న పెద్దదై బాగానే ఉంటదని చెల్లికి తెలిశాక ఒకటోది చూపిద్దాం. అప్పుడు అంత ఏడవదు."

"మరి నువ్వో?"

"నేను వరసగానే చూశాగా అత్తా."

రెండో భాగం చూస్తూ చిన్నది "వాళ్ళమ్మేది?" అంటే ఏం చెప్పాలో రోజంతా ఆలోచించినా తోచలేదు. మీకేమైనా తోస్తే చెప్పండి.

సాయంత్రం తమ్ముడితో మాట్లాడి, పెద్దది చెప్పిన వరసే ఖాయం చేశాం. ఒకటో భాగం పెట్టిన రోజు చిన్నదాన్ని నేను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను. పెద్దదాని పక్కన వాళ్ళ నాన్న కూర్చుంటాడు.