కాకలకు ప్రవేశం లేదు

మెడలో ఐడీ కార్డు పడితే చాలు, మనిషి జానెడు పొడుగవుతాడని నేను గట్టిగా నమ్మిన రోజులవి. శేరిగూడలో ఆస్పత్రి నిర్వహణ చదువు ముగించి, ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు దవాఖానలో శిక్షణకు చేరాను. పై అధికారి కళ్లముందు కొన్ని నెలలు పనిచేసి, 'పనికొస్తాడు' అనిపించుకుంటేనే పట్టా. నా పాలిట ఆ అధికారి మా పెద్దమేడం. నర్సుగా మొదలై దవాఖాన మొత్తాన్ని నడిపే దాకా ఎదిగిన మనిషి. నా గొప్ప గొప్ప పథకాలన్నీ ఓపికగా విని, "ముందుగాల గేటు కాడ నిలబడు" అంది. (కాబోయే పరిపాలకుణ్ని గేటు దగ్గర నిలబెడతారా అని చాలా రోజులు మూతి ముడుచుకున్నాను.)

మా వైపు ఒకరు మంచాన పడితే ఊరు ఊరంతా ట్రాలీ ఆటో ఎక్కి చూడటానికి వస్తుంది. అందుకని నేనో రూలు పెట్టాను. ఆపరేషన్‌కు ముందు రోగిని కన్నబిడ్డలే చూడాలి. పేషెంటు నీకేమైతడని అడగడం, బాపు (అంటే నాన్న) అన్నవాళ్లను లోపలికి పంపడం, మిగతా వరసలన్నిటినీ బయటే ఆపడం. మేడం చూసి ఏమీ అనలేదు. మెచ్చుకుందనుకున్నాను.

ఒకరోజు చేపలు పట్టే పెద్దాయనకు హెర్నియా ఆపరేషన్. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి మా బాపు అన్నారు, పంపాను. తర్వాత ఆదిభట్ల కంపెనీ బస్సు దిగి ఒకతను ఉరుకుతూ వచ్చాడు.

"మా కాకను జూడాలె సారూ" అన్నాడు.

కాక అంటే చిన్నాన్న. కుదరదన్నాను. నా సొంత కాకనే అని బతిమాలాడు. కాక సొంతమైనా పరాయి అయినా రూలు రూలేనన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, రోడ్డవతల చాయ్ బండి దగ్గర కూర్చున్నాడు.

లోపల పెద్దాయన స్ట్రెచర్ మీద లేచి కూర్చున్నాడు. కొడుకును చూడందే థియేటర్లోకి పోనని మొండికేశాడు. ఫోన్ చేద్దామంటే లోపల ఫోన్లు బంద్ (ఆ రూలూ నాదే). సర్జన్ వేరే ఊరికి వెళ్లాలి, ఇవాళ తప్పితే మళ్లీ వారానికే వస్తాడు. గొడవ విని గేటు దగ్గర నుంచి వచ్చిన నేను ధీమాగా ముందుకొచ్చి, కొడుకులిద్దరూ ఇక్కడే ఉన్నారు కదా అన్నాను.

"గీళ్లు నా తమ్ముని పోరగాండ్లు. పెద్దబాపును గద, బాపు అంటరు. నా కొడుకు నన్ను కాక అంటడు."

ఉమ్మడి కుటుంబం. పెద్దాయన అన్నగారి పిల్లలు ఆయన్ను కాకా అని పిలుస్తుంటే వినీ వినీ సొంత కొడుకు నోటికీ అదే అలవాటైంది. నేను ఒక్క పరుగున రోడ్డు దాటాను.

"కాక అంటే నడవదంటివి గద సారూ?" అన్నాడతను చాయ్ ఊదుకుంటూ.

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. పెద్దాయన కొడుకు చెంప ఒకసారి నిమిరి, బుద్ధిగా పడుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం మేడం గదికి పిలిచింది. పట్టా పోయినట్టే అనుకున్నాను.

"నువ్వు మీ బాపును ఏమని పిలుస్తవ్?" అనడిగింది.

మా మేనత్తలూ చిన్నాయనలూ పిలవగా విని, బుద్ధెరిగినప్పటి నుంచి నేను మా నాన్నను 'అన్నా' అనే పిలుస్తాను. ఆ మాట చెప్పగానే మేడం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. శిక్షణ మాత్రం ఇంకో నెల పొడిగించింది.

ఇప్పుడు నా దగ్గర కొందరు పిల్లలు శిక్షణలో ఉన్నారు. ఫోనులో "అన్నా, తిన్నవా?" అని నేను మాట్లాడుతుంటే విని, మీ అన్నగారు ఏం చేస్తుంటారు సార్ అని అడుగుతారు. ఆ మొహాల్లో అప్పటి నేనే కనబడతాను. జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. ఇంట్లోనే ఉంటారని మాత్రం చెప్పి ఊరుకుంటాను. రేపటి నుంచి వాళ్లను గేటు దగ్గర నిలబెడుతున్నాను.