చెన్నూరు దగ్గర గడ్డికప్పు పనిశాల, వాన వెలిశాక నేను తీసిన ఫొటోలు

మొన్న ఆర్కిటెక్చర్ చదువుతున్న ఒకమ్మాయి ఈ బ్లాగు చదివి ఉత్తరం రాసింది. గోదావరి పక్క పల్లెల్లో మట్టి కట్టడాలు చూడాలని ఉందట, చెన్నూరు వైపు దారి చెప్పమంది. ఎన్నో ఊళ్ల గురించి రాశాను గానీ, ఆ దారి గురించి ఇన్నేళ్లూ రాయలేదు. దారి చెప్పాలంటే అక్కడ నేను చేసిన పని కూడా చెప్పాలి.

ఎనభయ్యో దశకం చివరి మాట. నాకు ఇరవై ఏడేళ్లు. కరీంనగర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థకు కట్టడాల ప్లాన్లు గీసేవాణ్ని. చెన్నూరుకు ఏడెనిమిది కిలోమీటర్లలో, నది వైపున్న ఒక ఊళ్లో ఆడవాళ్లు వెదురు బుట్టలు, తడకలు అల్లుకోవడానికి పనిశాల కట్టాలన్నారు. సిమెంటు వద్దన్నాను. ఊరి మట్టితో గోడలు, అడవి కర్రతో దూలాలు, ఏటి ఒడ్డున పెరిగే రెల్లుగడ్డితో కప్పు. ఇప్పచెట్లు ఒక్కటీ కొట్టకుండా, వాటి మధ్య నుంచి గోడ వంపు తిరిగేలా గీశాను. ఎండాకాలం చివరికి పని పూర్తయింది. హైదరాబాదులో ఇలాంటి కట్టడాల ఫొటోల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, వానలకు చుట్టూ పచ్చబడ్డాక స్నేహితుడి కెమెరా అడిగి తీసుకుని బయల్దేరాను.

పొద్దున ఆరింటికి కరీంనగర్‌లో బస్సెక్కితే గంటకు పెద్దపల్లి. అక్కణ్నించి రైల్లో మంచిర్యాల ఇంకో గంట. అప్పట్లో ఈ రెండింటికీ కలిపి పది రూపాయలు కూడా కాలేదు. మంచిర్యాల బస్టాండులో చెన్నూరు బస్సు డ్రైవరు ఆకాశం చూస్తూ తొందరపెట్టాడు. "జర జల్ది ఎక్కుండ్రి. వాన గట్టిగ వడితె వాగు దాటదు బండి." గంటన్నరకు చెన్నూరులో దిగాను. బస్టాండు ఎదుటి హోటల్లో మిరపకాయ బజ్జీలు వేస్తున్న ముసలాయన నా మెడలో కెమెరా చూశాడు.

"గా గడ్డి ఆఫీసుకేనా సారూ? మస్తుగ గట్టిండ్రట గదా. మా అల్లుడు సూసచ్చిండు."

ఆ మాటకు ఎంత పొంగిపోయానో! చాయ్ రెండోసారి అడిగి మరీ తాగాను. తర్వాత అటువైపు పోతున్న ఎడ్లబండి ఎక్కితే ఊరు చేరేసరికి పన్నెండయింది.

పనిశాల నేను గీసినదానికంటే అందంగా ఉంది. పదిమంది ఆడవాళ్లు చల్లటి మట్టినేల మీద కూర్చుని వెదురు చీలుస్తున్నారు. బాధ్యతలు చూసే మల్లేశం నన్ను చూసి కుర్చీ వేశాడు. అంతలో వాన అందుకుంది. లోపల ఒక్క చుక్క పడలేదు. నేను తల ఎత్తి కప్పునే చూస్తున్నాను. ఆడవాళ్లు మాత్రం కత్తులు పక్కన పెట్టి గుమ్మం వైపు చూస్తున్నారు. లచ్చవ్వ అనే పెద్దావిడ కొంగు నెత్తిన కప్పుకుని వానలోనే ఉరికింది. ఊరి ఇళ్ల ఫొటోలు కూడా ఉంటే బాగుంటుందని నేను గొడుగు పట్టుకుని ఆమె వెనకే వెళ్లాను.

ఆమె ఇంటి కప్పు మీద కొత్త గడ్డి లేదు. పాత గడ్డి కుళ్లి నల్లబడ్డ చోటల్లా తాటాకులు, ఎరువుల బస్తాలు పరిచి రాళ్లు పెట్టారు. లోపల నాలుగు చోట్ల గిన్నెలు. కోడలు నులకమంచం మీద ముడుచుకుని, నెల నిండని పిల్లను చీరకొంగు కింద పొదువుకుని ఉంది.

"కప్పు నేయించుకోలేదా అవ్వా?" అన్నాను.

"గడ్డి యాడిది సారూ? గీ ఏడు గడ్డంత ఆఫీసుకే వాయె. ఇంటికి రెండు బండ్లు ఇయ్యిమన్నరు, ఇచ్చినం. ఊరంత ఇచ్చింది. కాదంటె పనిల వెట్టుకోరేమో అని బుగులైంది." ఆమె గొంతులో కోపం లేదు. గిన్నెలో నీళ్లు బయటికి పారబోస్తూ చెప్పింది.

ఒడ్డున పెరిగే గడ్డి ఎవరి ఇంటిదని నేను ఎవర్నీ అడగలేదు. చలికాలంలో కోసి, ఎండాకాలంలో ఇళ్లు కప్పుకునే గడ్డి అది. ఏడాదికి ఒకటే కోత. పైగా వాళ్ల ఇళ్లకు నాలుగు వేళ్ల మందం సరిపోతే, బయటి నుంచి నిండుగా కనబడాలని నేను జానెడు మందం గీశాను.

అలా నిలబడి ఉండగానే వెనక గోడ అడుగు భాగం నాని, తడిసిన బెల్లంలా జారి కూలింది. మంచానికి మూరెడు దూరంలో. కోడలు కెవ్వున అరిచింది. లచ్చవ్వ పిల్లను లాక్కుని రొమ్ముకు హత్తుకుంది. నేను మంచం ఎత్తి, "పదండి, పనిశాలకు పదండి" అన్నాను.

ఇక్కడిదాకా చెప్పి ఆపితే నేను మంచివాణ్నే.

పనిశాల చేరేసరికి వాన వెలిసింది. మబ్బుల సందులోంచి ఎండ వచ్చి, తడిసిన కప్పు బంగారంలా మెరిసింది. ఇప్పచెట్ల కింద నీళ్లలో దాని నీడ. ఆ వెలుగు ఎంతోసేపు ఉండదని నాకు తెలుసు. గుమ్మం ముందు నులకమంచం, తడి బస్తాలు, బురద కాళ్లతో వాళ్లిద్దరూ. నేను మల్లేశంతో అన్నాను, "కొంచెం సేపు వాళ్లను పనిశాల వెనక్కి వెళ్లమను, లోపల కూడా ఫొటోలు తీయాలి. పది నిమిషాలే."

మల్లేశం నా మొహం చూశాడు. "బాలింత సారూ" అన్నాడు మెల్లగా. నేను కెమెరాలోంచి తల ఎత్తలేదు. లచ్చవ్వే, "ఏం గాదు తియ్యి, సారు పని కానియ్యిండ్రి" అని మంచం పట్టుకుని వెనక వైపు చూరు కిందికి వెళ్లింది. పది నిమిషాలు అరగంటయింది. రీలు అయిపోయాకే వాళ్లను లోపలికి పిలిచాను.

వానలు తగ్గేదాకా వాళ్లు అక్కడే ఉన్నారు. పిల్ల బతికి బట్టకట్టింది. ఫొటోలు ప్రదర్శనకు వెళ్లాయి. ఊరి నేలతో కలిసిపోయిన కట్టడమని అందరూ మెచ్చుకున్నారు. నేను పక్కనే నిలబడి గడ్డి గొప్పతనం వివరించాను. ఇళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

మరుసటి చలికాలం సంస్థతో పోట్లాడి కోత మొత్తం ఊరి ఇళ్లకే వదిలేయించాను. వేసవిలో పనిశాలకు పెంకులు వేయించడానికి వెళ్లినప్పుడు లచ్చవ్వ మనుమరాలిని చంకనేసుకుని ఎదురొచ్చింది.

"ఫొటువలు మంచిగచ్చినయా సారూ?"

ఎత్తిపొడుపు కాదది, నిజంగానే అడిగింది. "వచ్చాయవ్వా" అన్నాను. క్షమించమని అడగాల్సింది ఆ రోజే. అడిగితే నేను ఏం చేశానో ఆమెకు తెలిసిపోతుందని భయపడ్డాను. ఆమెకు అప్పటికే తెలుసని ఇప్పుడనిపిస్తుంది. తెలియనితనంతో గడ్డి తీసుకోవడం తప్పే, కానీ దాన్ని దిద్దుకోవచ్చు. తెలిశాక అరగంట బాలింతను చూరు కింద నిలబెట్టినదాన్ని ఏం చేసి దిద్దుకోను?

అమ్మా, దారి పైన రాశాను. ఒక్క సలహా: ఎండాకాలం కాదు, వానాకాలంలో వెళ్లు. వాగు పొంగకముందే చెన్నూరు చేరేలా పొద్దున్నే బయల్దేరు. అక్కడ ఏ కట్టడం నీకు నచ్చినా, కెమెరా తీసేముందు పక్కనున్న ఇంట్లోకి వెళ్లి ఒకసారి పైకి చూడు.