రాజీనామా వెనక్కి తెచ్చుకున్న రోజు

మా ఇళ్లలో ఒక మర్యాద ఉంది. తొలకరికి మొదటి విత్తనం చల్లే చేతికి లోపం ఉండకూడదంటారు. మా తాతకు చెరుకు గానుగలో రెండు వేళ్లు పోయిన ఏడాది, ఎవరూ చెప్పకముందే విత్తనాల గంప తమ్ముడి చేతికిచ్చి గట్టు మీద కూర్చున్నాడట. ఎదుటివాళ్లు నోరు తెరిచి చెప్పేదాకా ఉండకూడదు, అదే పెద్దరికం అని చిన్నప్పటినుంచీ విన్నాను. ఇప్పుడు ఆ కథ ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే నేనూ అదే చేశాను. తమిళనాడు ధర్మపురిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా గుమాస్తాను. పెన్నాగరం రోడ్డులో బండి మీదనుంచి పడితే ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. మా సీట్లు మేడ మీద. కట్టుడు కాలుతో, కమ్మీ పట్టుకుని కిందామీదా పడి ఎక్కేవాణ్ణి. మా అధికారి రోజుకోసారి, "ఎందుకండీ ఈ అవస్థ, ఇంటిపట్టున ఉంటే హాయి కదా" అనేవాడు. పొమ్మనకుండా పొగబెట్టడం అంటే అదే. పొమ్మని చెప్పించుకోకూడదని, ఒక శుక్రవారం సాయంత్రం నా చేత్తోనే రాజీనామా రాసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను.

బస్సు మా ఊరు కంబైనల్లూరు చేరేసరికే తప్పు చేశాననిపించింది. రెండు రోజులు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. కాలు తగిలించుకోవడం, వాకిట్లోకి వెళ్లడం, వచ్చి విప్పెయ్యడం, మళ్లీ తగిలించుకోవడం. ఆదివారం ఇక ఉండబట్టలేక నా భార్యకు చెప్పాను. ఆమె సంగటి కెలకడం ఆపేసింది.

"ఉద్యోగంలో ఉండంగా కాలో చెయ్యో పోతే తీసెయ్యకూడదు, ఆ పని చేతకాకుంటే అదే జీతానికి వేరే పని ఇయ్యాల అని చట్టం ఉండాదని మీరే గదా చెప్పినారు? ఆ కాగితం నోటీసు బోర్డులో గుచ్చింది మీరే గదా?"

"అవును."

"మల్ల ఏల రాసిచ్చినారు? వాళ్లు తీసేస్తే వాళ్ల తప్పు. మీరే వచ్చేస్తే వాళ్లకేమి?"

ఆ సర్క్యులర్ టైపు చేసింది కూడా నేనే. అది ఎవరికో అనుకున్నాను గాని, నాకని ఎన్నడూ అనుకోలేదు.

రాజీనామా ఆమోదించేలోపు వెనక్కి తీసుకోవాలని సోమవారం మొదటి బస్సుకే వెళ్లాను. మేడకు పదహారు మెట్లు. తొందరలో ఐదో మెట్టుకే మొండికాలు ఒరుసుకుని భగ్గుమంది. కట్టుడు కాలు విప్పి చంకలో పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని, చేతులు ఆన్చి ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ ఎక్కాను. పైకి చేరి ఊపిరి పీల్చుకుంటుంటే అధికారి గదిలోంచి బయటికి వచ్చాడు.

"రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాను సార్. నాకు కింద సీటు కావాలి."

ఆయన అరవంలో తాపీగా అన్నాడు, "మెట్లు బాగానే ఎక్కి వచ్చారే. ఇక కింద సీటు దేనికి?"

నాకు సిగ్గు వేయలేదు, కోపం వచ్చింది. "ఎట్లా ఎక్కానో చూశారా సార్?"

"లేదు."

"నా కాగితం ఇవ్వండి. దిగుతాను, చూడండి."

ఆయన లోపలికి వెళ్లి కాగితం తెచ్చి ఇచ్చాడు. జేబులో పెట్టుకుని, కూర్చునే దిగాను. దాటిపోలేక ఆయన నా వెనకే ఒక్కో మెట్టూ దిగాడు. కింద తపాలా తీసుకునే బల్ల దగ్గర కుర్చీ ఆయనే జరిపి, "రేపటినుంచి ఇక్కడే" అన్నాడు.

ఇంటికి వెళ్లి చెబితే నా భార్య సంతోషపడింది. నాకు మాత్రం మనసు కుదుట పడలేదు, ఇప్పటికీ పడదు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా ఒకటే తొలుస్తుంది. పదహారు మెట్లు నేను దేకి చూపించకపోయినా అది నాకు రావలసిందే.