నురగ మేస్త్రీ, ఆరు బర్నర్ల గ్రిల్లు

నురగ మేస్త్రీ అసలు పేరు ఆయన కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాడు. ఎవరి వంటింట్లో అడుగుపెట్టినా ముందు ఓ చిన్న గిన్నె అడుగుతాడు. అందులో సబ్బు చిలికి, నురగ తీసి, కుంచెతో ప్రతి అతుకుకీ పూస్తాడు. బుడగ లేస్తే గ్యాసు కారుతున్నట్టు. లేవకపోతే కారడం లేదని మీరూ నేనూ అనుకుంటాం. ఆయన అనుకోడు. మళ్ళీ పూస్తాడు.

ఆ అనుమానం పొయ్యిల దగ్గర ఆగితే ఎంత బాగుండేది! ఓసారి కొత్త చెప్పులు కొని, రెండూ ఒకే బరువున్నాయో లేదోనని కూరగాయల తక్కెడలో పెట్టి తూయించాడు. డాక్టరు గుండె చప్పుడు విని బాగుందంటే, ఆ గొట్టం ఓసారి ఇలా ఇవ్వండి నేనూ వింటానన్నాడు. ఇంట్లో భార్య అన్నంలో ఉప్పు వేశానంటే సరే అని తలూపి, నాలుక చివర ఓ మెతుకు పెట్టుకుని చూశాకే కంచంలో చెయ్యి పెడతాడు.

ఊరందరి మీదా తలా ఇంత పంచగా మిగిలిన అనుమానమంతా బావ మీద పెట్టాడు. ముప్పై ఏళ్ళ కిందట బావ ఓ స్పానరు పట్టుకెళ్ళి తిరిగిచ్చాడు. ఇచ్చింది తనది కాదని మేస్త్రీ గొడవ. తనది ఇంకా నున్నగా ఉండేదట. అదే ఇదని బావ, కాదని ఈయన. ఇద్దరి జుట్టూ నెరిసిపోయింది గానీ ఆ సంగతి మాత్రం తేలలేదు.

ఆ బావని కట్టుకున్నది మేస్త్రీ అక్క. బస్సు డిపో ఎదురుగా భోజనాల హోటలు నడుపుతుంది. బస్సుల దారి మారాక బల్లలు సగం ఖాళీగా పడున్నాయి. ఈ నెల గడిస్తే షట్టరు దించడమే అనుకుంటున్న వేళ, కుట్టు ఫ్యాక్టరీ నుంచి ఓ కబురొచ్చింది. ఆవిడ తిన్నగా తమ్ముడి కొట్టుకొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఒరే తమ్ముడూ, పెరట్లో బొగ్గు బకెట్లు పెట్టే ఆ పాత గ్యాస్ గ్రిల్లు లేదూ? దాన్ని బతికించాలి.”

“అది చచ్చి ఏడేళ్ళయింది గదక్కా.”

“నాకు తెలీకడుగుతా, నువ్వున్నది బతికున్నవాటికేనా? ఎల్లుండి ఒంటిగంటకి ఫ్యాక్టరీ మేడం వంటిల్లు చూడ్డానికొస్తుంది. ఆరు బర్నర్లూ మండితే ఎనభై మందికి రోజూ భోజనం నాది. లేదంటే డిపో వెనక హోటలువాడిది. నేను షట్టరు దించుకుని నీ ఇంటికొచ్చి కూర్చోవాలి.”

“నాలుగు మండితే సరిపోదూ?”

“నాలుగింటి మీద ఎనభై మందికి నువ్వు వండు. నేనిక్కడ కూర్చుని సబ్బు చిలుకుతా.”

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. “సామాను ఎవరు తెస్తారు?”

“మీ బావ.”

“అయితే పని రెండింతలు.”

మర్నాడు తెల్లవారగానే హోటలు పెరట్లో గ్రిల్లు విప్పారు. లోపల పాత కొవ్వు మైనంలా గడ్డకట్టి ఉంది. బోల్టులు కదలనంటే కదలనన్నాయి, కిరసనాయిలు పోసి గంటసేపు బతిమాలితే గానీ రాలేదు. కమ్మీలు ఉప్పుకాగితంతో రుద్దితే నిలిచాయి. ఆరు బర్నర్లూ మాత్రం తుప్పు తినేసి వేలు దూరేంత కంతలు పడ్డాయి. గ్యాస్ పైపూ రెగ్యులేటరూ కొత్తవే పెట్టాలన్నాడు మేస్త్రీ. ఆ రెండింటి దగ్గర ఆయనతో ఎవరూ బేరమాడరు.

బావ పాత ఇనుప కొట్టుకి వెళ్ళి, వేరే గ్రిల్లువి, సరిగ్గా అదే పొడుగున్నవి నాలుగు బర్నర్లు తెచ్చాడు. తెచ్చి, బకెట్టు బోర్లించుకుని టీ గ్లాసుతో కూర్చున్నాడు. ఇక మొదలైంది సోదా. మేస్త్రీ వాటిని కడిగాడు, ఎండకి పట్టి చూశాడు, ఒక్కో రంధ్రంలో సూది గుచ్చాడు, గొట్టాల్లో తీగ దూర్చి తిప్పాడు, రాయి మీద తట్టి చెవి పెట్టి విన్నాడు.

“ఏ కొట్లో కొన్నావు బావా?”

“నీకెందుకు, వాళ్ళతో వియ్యమందుతావా?”

“కాలిపోయిన హోటల్లోంచి తీసినవి కావు గదా?”

“బర్నరన్నాక కాలకుండా ఎలా ఉంటుంది బావమరిదీ? దాని ఉద్యోగమే అది.”

తప్పు దొరకలేదు. దొరకనందుకు మేస్త్రీ మొహం మరింత ముడుచుకుంది.

తక్కువైన రెండూ మేస్త్రీ తన కొట్టు అటక మీంచి దించాడు. పోత ఇనుముతో చేసినవి, తొమ్మిదేళ్ళుగా పాత లుంగీలో చుట్టి దాచుకున్నవి. వాటిని బల్ల మీద పెట్టి, బుగ్గలు నిమిరినట్టు గుడ్డతో తుడిచి, “సామానంటే ఇదీ!” అని బావ వైపు ఓ చూపు విసిరి బిగించేశాడు. వాటికి సూదీ లేదు, తీగా లేదు. కన్నబిడ్డల జేబులు వెతుకుతామా?

ఫ్యాక్టరీ మేడం రావలసిన రోజు పొద్దున్నే అందరూ గ్రిల్లు చుట్టూ చేరారు. అక్క సిలిండరు తిప్పింది, మేస్త్రీ అతుకులన్నిటికీ నురగ పూశాడు. రెండుసార్లు. బుడగ లేదు. అప్పుడు వెలిగించాడు. బావ తెచ్చిన నాలుగూ నీలంగా, కుదురుగా మండాయి. అయిదోది పసుపుపచ్చ నాలుక చాపి మసి కక్కింది. ఆరోది టప్పుమని పేలినట్టై, మంట పైకి రాకుండా కింద నాబు సందులోంచి బుస్సున తన్నుకొచ్చింది. మేస్త్రీ ముంజేతి వెంట్రుకలు మాడిపోయాయి. అక్క ఒక్క ఉదుటున వెళ్ళి సిలిండరు కట్టేసింది.

మేస్త్రీ చెయ్యి ఊదుకుంటూనే బావ మీదికి తిరిగాడు.

“నువ్వే ఏదో చేశావు! నిన్న నేనెళ్ళాక ఈ పెరట్లో ఎవరున్నారు?”

“నేనున్నా. ఇది నా పెరడు.”

“విన్నావా అక్కా, ఒప్పుకున్నాడు!”

అని ఆగాడా? చక్కగా మండిన ఆ నాలుగు బర్నర్లనీ మళ్ళీ ఊడబెరికాడు. ఆ కోపంలో వాటి వాల్వుల నట్లు కూడా వదులు చేసి వెతికాడు. సూది, తీగ, ఎండ, రాయి, అన్నీ మళ్ళీ మొదటికి. గంటన్నర పోయింది. ఏమీ లేదు. తిరిగి బిగించాడు. గోడ గడియారం పన్నెండు దాటింది. అక్క చీర కొంగు నడుముకి దోపుకుంది.

“ఒరే, మండినవాటిని విప్పుతావు, మండనివాటిని ముట్టుకోవేం?”

“అవి నావి గదక్కా.”

“నీవైతే?”

 అక్క తనే అయిదో బర్నరు ఊడదీయించి, గొట్టం కంటికి ఆనించుకుని ఆకాశం వైపు చూసింది. అవతల వెలుతురు కనబడలేదు. తీగ దూర్చి లాగింది. బూడిదరంగు ఉండొకటి ఊడిపడింది. సాలెగూడు, మధ్యలో ఎండిపోయిన గుడ్ల సంచీతో సహా. ఆరోదాంట్లో ఇంకా పెద్దది. గ్యాసు ముందుకి పోయే దారిలేక వెనక్కి తన్నింది, అంతే సంగతి. ఆ గొట్టమంటే సాలీళ్ళకి ప్రాణమని, వాడకుండా ఉంచిన పొయ్యి వెలిగించేముందు తీగ పెట్టి చూడమని, ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళని కసిరేది ఈ మేస్త్రీయే.

 బావ తీరిగ్గా టీ తాగాడు.

మేస్త్రీ రెండు గొట్టాలూ శుభ్రం చేసి బిగించి, తన చేతుల్ని ఎవరివో అన్నట్టు తిప్పి చూసుకున్నాడు. పైపు తొడిగింది ఈ చేతులే. రెగ్యులేటరు పెట్టిందీ ఇవే. ఇందాక ఒళ్ళు తెలియని కోపంలో నట్లు తిప్పిందీ ఇవే. నాదని వదిలేసింది ఇంకా ఏముందో!  గిన్నే కుంచే పట్టుకెళ్ళి బావ ముందు పెట్టాడు.

“బావా, నేను బిగించినవన్నీ నువ్వు చూడు.”

“నాకేం తెలుసు?”

“తెలియక్కర్లేదు. నన్ను నమ్మకుండా చూడు, చాలు.”

“అదైతే ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది.”

బావ వంగి, పెళ్ళికూతురికి పసుపు రాసినంత నెమ్మదిగా పూసుకుంటూ పోయాడు. అక్క సిలిండరు తిప్పింది. నాలుగో వాల్వు దగ్గర సెనగగింజంత బుడగ ఉబ్బింది. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ మేడం పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

“అదేంటి, కారుతోందా?” అంది.

 సబ్బు బుడగేనమ్మా, గాలికి లేచింది అంటే సరిపోయేది. బావ కూడా ఆ మాటకే ఎదురుచూస్తున్నట్టు తలెత్తాడు. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

“కారుతోందండి. నేను బిగించిందే. బిగించింది కూడా ఇందాకే. మా బావ పట్టుకున్నాడు.”

మేడం కుర్చీ అడిగి కూర్చుంది. “అయితే సరిచెయ్యండి, చూస్తా.”

మేస్త్రీ సిలిండరు కట్టేసి, నట్టు బిగించి, మళ్ళీ తిప్పాడు, బావ పూశాడు. బుడగ లేదు. బావ మళ్ళీ పూశాడు, ఈసారి ఎవరూ అడక్కుండానే. తర్వాత ఆరు బర్నర్లూ వరసగా నీలం పూలు పూసినట్టు వెలిగాయి. మేడం వాటికేసి కాదు, ఈ ఇద్దరికేసి చూసింది.

“ఇదివరకు భోజనం పంపినాయన, నా దగ్గర అన్నీ పక్కా, చూసుకోనవసరమే లేదనేవాడు. ఓ రోజు గ్యాసు కారి అంటుకుని వంటింటి గోడ నల్లబడింది. మా పనివాళ్ళకి ఆ పూట బిస్కెట్లే దిక్కయ్యాయి. మీరు ఒకరినొకరు నమ్మరనుకుంటా?”

“అస్సలు” అన్నాడు బావ.

“అయితే రోజూ పొయ్యి వెలిగించేముందు ఇద్దరూ ఉండాలి. ఒకరు బిగిస్తే ఇంకొకరు చూడాలి. ఒప్పుకుంటే రేపట్నించే పంపండి, ఎనభై మందికి.”

రోజూ పొద్దున్నే ఒకరి మొహం ఒకరు చూసుకోవాలన్నమాట. జైలుశిక్ష పడ్డట్టు ఇద్దరూ నేల చూపులు చూశారు. వాళ్ళనడిగేదేముంది? అక్క ముందుకొచ్చింది.

“వస్తారు, ఎందుకు రారు! గానీ మేడం, ఎనభయ్యేనా? మీతో కలిపి ఎనభయ్యా, మీరు కాకుండా ఎనభయ్యా? రేపు తీరా వడ్డించాక ఎనభై ఒకటో మనిషి వచ్చి నిలబడితే నేనూరుకోను.”

మేడం నోరు తెరిచి, ఆగి, వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.