మా అత్త నడక

సముద్రం ఒడ్డున మా ఊరు పొడంపేట నుంచి మొన్న మంగళవారం పొద్దున్నే ఫోనొచ్చింది. మా నాన్న అక్క, నన్ను పెంచిన మా అత్త, నిద్రలోనే పోయింది. అప్పటికి నేను ఒడిశాలోని బరంపురంలో క్లాసు చెప్పడానికి బయల్దేరుతున్నాను. మనిషి రెండు కాళ్ల మీద ఎలా లేచి నిలబడ్డాడన్నదే ఆ రోజు పాఠం.

ఆ చదువు మీద నాకు ఆశ పుట్టింది అత్తను చూసే. చిన్నప్పుడు ఆమె చేపల గంప నెత్తినెట్టుకుని ఇసకలో నడుస్తుంటే వెనకాలే వెళ్లేదాన్ని. గంప ఎత్తాక ఒక్క క్షణం ఆగి, నడుం సర్దుకుని, అప్పుడు అడుగేసేది. చేతులు వదిలేసినా గంప కదిలేది కాదు. వెన్నెముక కింది భాగంలో ఉండే ఆ చిన్న వంపు వల్లే మనిషి అలా నిలబడగలడని చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను.

నేను పరిశోధనలోకి వచ్చేసరికి ఆమె నడుం ఒంగిపోయింది. బరువులు మోసిన ఆడవాళ్ల నడకను వీడియో తీస్తున్నానంటే అందరికన్నా ముందు తనే వచ్చి నడిచింది. మనుషులు నిటారుగా నిలబడ్డానికి లక్షల ఏళ్లు పట్టిందని చెబితే పడీపడీ నవ్వింది.

"లెగిసి నిలబడ్డానికి అన్నేళ్లా? నాకు ఒంగిపోడానికి ముప్పయ్యేళ్లు సరిపోనాయే!"

ఆ వీడియోను నిరుడు బరంపురంలోనే ఒక సదస్సులో చూపించాను. అత్త కొత్త చీర కట్టుకుని, మొదటి బస్సుకే వచ్చి, ఆఖరి వరసలో కూర్చుంది. తెర మీద ఆమె నడుస్తుంటే ముందు వరసలో పెద్దాయన ఒకరు ఒడియాలో అడిగారు, "ఎవరావిడ?"

నేను టౌను పిల్లనేనని అక్కడందరి నమ్మకం. నేనూ ఎప్పుడూ కాదనలేదు. "సముద్రం ఒడ్డున చేపలమ్మే ఒకావిడండీ" అన్నాను, ఒడియాలోనే. అత్తకు ఆ భాష నాకన్నా బాగా వచ్చు. జన్మంతా చుట్టుపక్కల ఊళ్లలో ఆ భాషలోనే చేపలమ్మింది.

సదస్సయ్యాక ఆమెను బస్టాండు దాకా దిగబెట్టాను. బస్సెక్కే ముందు అంది, "ఆయన అడిగితే మా అత్తేనని సెప్పనేదేటే గుంటా?"

నేను బస్సు బోర్డు వైపు చూశాను. కాసేపు నా మొహంలోకి చూసి తనే అంది, "పోన్లే. అంతమందిలో మర్సిపోనావు గావాల."

"అవునత్తా, మర్చిపోయాను" అన్నాను.

ఆమెను అత్త అని చెప్పనందుకు సిగ్గే. కానీ జాలిపడి ఆమె అందించిన ఆ అబద్ధాన్ని పట్టుకుని బయటపడ్డానే, దానికి ఇంకా ఎక్కువ సిగ్గు. ఆ తర్వాత ఫోన్లు చేశాను. తిన్నావా, మందులేసుకున్నావా, అంతే. ఊరికి మాత్రం వెళ్లలేదు.

మంగళవారం వెళ్లాను. గుమ్మంలోనే పక్కింటామె నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "పెద్దపెద్దోల్లందరి ముందరా 'ఈవిడ మా అత్త' అని సెప్పినావంట గదమ్మా! ఎన్నిపాల్లు సెప్పుకుందో."

కాదని చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. మొదటిసారి ఇక్కడ, మీకే చెబుతున్నాను.

లోపల అత్తను చాప మీద పడుకోబెట్టారు. ఒంగిన వెన్ను నేలకు పూర్తిగా ఆనక, తల పైకి లేచి ఉండిపోయింది. వెన్నుపూసల పేర్లన్నీ తెలిసిన నేను ఊరికే నిలబడి చూస్తున్నాను. పక్కింటామె వెళ్లి తన చీరలు రెండు తెచ్చి మడతపెట్టింది. ఒకటి తల కింద, ఒకటి మోకాళ్ల కింద, నిద్ర చెడుతుందేమో అన్నంత మెల్లగా సర్దింది.