టీచరమ్మ పీస్ లిల్లీకి నేను చేసిన వైద్యం

ముందే ఒక మాట. నేనిప్పుడు చెప్పబోయేది మా అంగడికొచ్చే రైతుల చెవిన మాత్రం వేయొద్దు. పులివెందులలో ఇరవై ఏళ్లుగా పురుగుమందులు, ఎరువులు అమ్ముతున్నవాడిని. చీనీ తోటకి, అదే బత్తాయి తోటకి, తెగులొచ్చినా, అరటి ఆకు మాడినా రైతులు ఒక ఆకు తెంపి కవర్లో వేసుకుని నా దగ్గరికే వస్తారు. నేను ఆ ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, "జింకు తక్కువైంది" అనో "మెగ్నీషియం" అనో తేల్చేస్తాను. తోట దాకా పోవాల్సిన పనే లేదు. అట్లాంటి నేను పోయిన ఎండాకాలం ఇంట్లో పెట్టిన ఒక్క కుండీని, ఒకే ఒక్క కుండీని, బతికించలేకపోయినాను.

ఆ కుండీ మా పక్కింటి రమీజా టీచరుది. రిటైరై ఏడాదయింది, ఒంటరి మనిషి. ఆమె హాల్లో కిటికీ పక్కన పీస్ లిల్లీ అని ఒక చెట్టుండేది. నున్నటి ఆకులు, మధ్యలో తెల్లపూలు. అది ఆమె దగ్గర చదువుకున్న పిల్ల ఇచ్చింది. సింహాద్రిపురం పక్క గొర్రెలు మేపుకునే వాళ్ల బిడ్డ. ఇంట్లోవాళ్లు బడి మాన్పిస్తే టీచరమ్మ వాళ్ల వాకిట్లో కూర్చుని మళ్లీ బడికి రప్పించిందంట. ఆ పిల్ల బెంగళూరులో ఉద్యోగంలో చేరి, మొదటి జీతంతో ఈ చెట్టు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. టీచరమ్మ ఆ ఆకుల్ని రోజూ తడిగుడ్డతో తుడిచేది.

కంటి ఆపరేషన్ చేయించుకోవడానికి హైదరాబాదులో వాళ్లక్క దగ్గరికి పోతూ ఆ కుండీ తెచ్చి మా హాల్లో పెట్టింది.

"అప్పా ఓబులేసూ, వేలు పెట్టి చూడు. మన్ను ఎండితేనే ఒక గ్లాసు నీళ్లు పొయ్యి. ఇంకేమీ చెయ్యొద్దు. నేను తిరిగొచ్చే ఆదివారమే ఆ పిల్ల కూడా వస్తాంది, చెట్టు చూడాలంట."

"మీరు నిమ్మళంగా పోయి రాండి టీచరమ్మా. చెట్ల సంగతి నాకు చెప్పాల్నా?"

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తలచుకుని బాధపడతాను.

నాలుగో రోజు ఆకులు కొంచెం వాలినాయి. మా సీమలో చెట్టు తల వాల్చిందంటే ఒకటే అర్థం. మా నాయన ఎండాకాలమంతా చీనీ మొక్కలకి బిందెలతో నీళ్లు మోసి బతికించినాడు. ఎండిపోయిన చెట్లను శానా చూసినాం గానీ, నీళ్లెక్కువై చచ్చిన చెట్టుని మా ఇంటా వంటా చూసినోళ్లు లేరు. వెంటనే ఒక చెంబుడు పోసినాను. సాయంత్రానికల్లా ఆకులు నిలబడినాయి. ఇంకేముంది, పొద్దున ఒక చెంబు, మాపటికి ఒక చెంబు మొదలుపెట్టినాను. అవతల మా ఆవిడ రమణమ్మ, టీచరమ్మ చెట్టు పాపం ఎండలకి తట్టుకోలేదని, బియ్యం కడిగిన నీళ్లన్నీ దాంట్లోనే పోస్తూ వచ్చింది. ఆమె పోసే సంగతి నాకు తెలీదు, నేను పోసే సంగతి ఆమెకు తెలీదు.

మరుసటి వారం అడుగాకులు పసుపుపచ్చగా మారినాయి. ఒక ఆకు తెంపి అంగడికి తీసుకుపోయి వెలుతురుకి పట్టి చూసినాను. నత్రజని లోపం. అనుమానమే లేదు. చిటికెడు యూరియా వేసి నీళ్లు పోసినాను. ఇంకో రెండు ఆకులు పండినాయి. అయితే ఇనుము లోపం అనుకుని ఆ మందు కలిపి పోసినాను. ఆకుల కొనలు నల్లబడితే బూజు తెగులని ఇంకో మందు కొట్టినాను. ఏ రోగానికి ఏ మందు వేసినా దాని వెనకాల నీళ్లు మాత్రం చెంబుడు ఉండాల్సిందే. వేలు పెట్టి చూడమన్న మాట ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఇంతలో ఇంట్లో ఏదో కుళ్లు వాసన మొదలైంది. మా ఇంటి ఎదురుగా మస్తాన్ చికెన్ అంగడి ఉంది. నేను నేరుగా పోయి నలుగురి ముందు వాడి మీద అరిచినాను.

"కోడి పేగులన్నీ మా ఇంటి ఎనక పారేస్తాండావా ఏంది?"

మస్తాన్ కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని నా వెంట వచ్చినాడు. ఇంటి వెనక చూసినాడు. వంటింట్లో చూసినాడు. హాల్లో కుండీ దగ్గర వంగి వాసన చూసి లేచినాడు.

"మామా, నా కోళ్లు కాదు. నీ చెట్టే."

టీచరమ్మ ఆ కుండీని అందం కోసం ఒక పింగాణీ కుండీలో దించి పెట్టుకుంది. దానికి అడుగున బొక్క లేదు. లోపలి కుండీ పైకెత్తితే కింద సగం దాకా నల్లటి నీళ్లు. కాడ పట్టుకుంటే చెట్టు చేతికొచ్చేసింది. వేర్లు ఉడికిన సేమ్యాలాగా మెత్తబడి ఉన్నాయి. మస్తాన్ ఆ నల్లనీళ్లు బయట పారబోసి తన అంగడికి పోయినాడు.

ఆదివారానికి ఇంక రెండు రోజులే. "ప్రొద్దుటూరులో పెద్ద నర్సరీ ఉందంటప్పా, అట్లాంటిదే ఒకటి తెచ్చి పెట్టేయ్. కంటి ఆపరేషన్ గదా, టీచరమ్మ కనుక్కోలేదులే," అనింది రమణమ్మ. సిగ్గులేకుండా బస్సెక్కినాను. నర్సరీ ఆయన నా ఫోన్లో కుళ్లిన చెట్టు ఫోటో చూసి అడిగినాడు.

"యా తెలివిమంతుడప్పా ఇన్ని నీళ్లు పోసినాడు?"

"మా పక్కింటోళ్లు," అన్నాను.

"ఈసారి వేలు పెట్టి చూసి పొయ్యమని చెప్పు వాళ్లకి."

అక్కడ అట్లాంటి చెట్లు వరసగా ఉన్నాయి, పూలతో సహా. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఆ పిల్ల ఒళ్లో పెట్టుకుని వచ్చిన చెట్టు ఇది కాదు కదా అనిపించింది. తిరిగి కింద పెట్టేసి, ఒక సంచి మన్ను మాత్రం కొనుక్కుని వచ్చినాను. కుళ్లినదంతా కోసేస్తే ఒక పక్కన మూడాకుల పిలక మిగిలింది. దాన్ని చిన్న కుండీలో నాటినాను.

ఆదివారం టీచరమ్మ నల్లకళ్లద్దాలతో వచ్చింది, పక్కన ఆ పిల్ల. జరిగిందంతా చెప్పేసినాను, యూరియాతో సహా. టీచరమ్మ చిన్న కుండీని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"వేలు పెట్టి చూడమంటి కదప్పా," అనింది అంతే.

"పోనీలే టీచర్, అంకుల్ కావాలని చేసినాడా," అనింది ఆ పిల్ల, పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంటూ. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

పోయిన నెల టీచరమ్మ మళ్లీ చెకప్ కోసం హైదరాబాదు బయల్దేరింది. గేటు చప్పుడు వినగానే నేను వాకిట్లోకొచ్చి నిలబడినాను. ఆమె చేతిలో ఆ చిన్న కుండీ ఉంది. పిలక ఇప్పుడు ఆరు ఆకులైంది. ఆమె నాకు నమస్తే చెప్పి, మా గేటు దాటి, రోడ్డు దాటి, మస్తాన్ అంగడిలోకి పోయింది.

చెట్టుని కోళ్లు కోసేవాడికి అప్పజెప్పి పోయింది.

అంగడి లోపల వెలుతురు పడే గూట్లో పెట్టుకున్నాడు వాడు. పచ్చగా ఉంది. రోజూ పొద్దున నా అంగడికి పోయే ముందు వెళ్లి చూసి వస్తాను. నిన్న ఒక ఆకు కొన కొంచెం పసుపు తిరిగినట్టు అనిపించి, వెలుతురుకి పట్టి చూద్దామని చెయ్యి చాపినాను.

"మామా, చేతులు ఎనక్కి పెట్టుకొని చూడు," అన్నాడు మస్తాన్, తల ఎత్తకుండా కోడి కొడుతూనే.

పెట్టుకున్నాను.